మా నాన్న ఘాటీ ప్రయాణం, నా రాకెట్టు టిక్కెట్టు

మొన్న విజయనగరంలో ఒక ఇంజినీరింగు కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. రాకెట్లలో పనిచేసిన మేడమ్ వస్తున్నారని ముందే చెప్పినట్టున్నారు, హాలు నిండిపోయింది. గంటసేపు మాట్లాడాక చివరి వరసలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడమ్, అవన్నీ సరే. మా అమ్మ అంతరిక్షానికి ఎల్లి రావాలంటే టిక్కెట్టు ఎంతవుతాది? మాలాంటోళ్లకి అందుతాదా, నేదా?" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా నేను చేసిన ఉద్యోగమంతా ఆ ప్రశ్నే. అక్కడ టైము లేక ఏదో అరకొరగా చెప్పి స్టేజీ దిగిపోయాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఆ అమ్మాయి కోసం, ఈ పనిలోకి రాబోయే మిగతా పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నా పేరు ప్రేమలత. నేను రాకెట్టు కట్టలేదు. ఒక్క బోల్టు కూడా బిగించలేదు. నాది ఖర్చు లెక్కల ఇంజినీరు ఉద్యోగం. ఎవరైనా ఒక రాకెట్టు బొమ్మ గీసుకొస్తే, ఇది ఎంతలో అవుతుంది, కిలో బరువు పైకి పంపడానికి ఎంత పడుతుంది, ఏది మారిస్తే తగ్గుతుంది అని చెప్పడం నా పని. ప్రమోషన్లు, బదిలీలు, నా మీద రాసిన రిపోర్టులు, వాటి జోలికి పోను. వాటిలో మీకు పనికొచ్చేది ఏమీ లేదు, నాక్కూడా పెద్దగా పనికిరాలేదు.

సాలూరు షెడ్డు

మాది బొబ్బిలి. తాతల కాలం నుంచి బాప్టిస్టు చర్చి కుటుంబం. నాన్న పేరు యోసేపు. లారీ బ్రేకుల పని నేర్చుకొని, పెళ్లయ్యాక సాలూరు వచ్చి షెడ్డు పెట్టాడు. సాలూరంటే లారీలే. సొంత లారీ ఉన్నవాడైనా, లారీ మీద బతికేవాడైనా లేని ఇల్లు తక్కువ. అక్కడి నుంచి ఒడిశా వైపు పోతే కొండ ఎక్కే ఘాటీ రోడ్డు, మలుపు మీద మలుపు. ఎక్కడం ఎలా ఉన్నా, దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే ఇక అంతే సంగతులు.

అందుకని మా నాన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆ వరసలో పాత మేస్త్రీలందరూ అదే పాటించేవారు. బ్రేకు పని చేసిన మేస్త్రీ ఆ బండిలో మొదటి ఘాటీ ప్రయాణం తానే చేయాలి. డ్రైవరు పక్కన కూర్చొని, ఖాళీ బండిలో పైదాకా ఎక్కి, పైన కొట్టులో టీ తాగి, అదే బండిలో కిందకి దిగి రావాలి. ఆ తర్వాతే లోడు ఎత్తేవారు. టీ, టిఫిను ఓనరు ఖర్చు. ఎక్కనన్న మేస్త్రీ దగ్గరికి మళ్లీ ఎవరూ బండి తెచ్చేవారు కాదు.

నాన్న వారానికి రెండు మూడుసార్లు అలా ఎక్కి దిగేవాడు. ఆయన వెనక్కి వచ్చేదాకా అమ్మ ప్రార్థన చేస్తూనే ఉండేది. నాకైతే అదంతా వట్టి మొరటు పద్ధతి అనిపించేది. ఇంజినీరింగు చదివే రోజుల్లో వాదించాను కూడా. "బ్రేకు పరీక్షించడానికి మిషన్లున్నాయి నాన్నా, మనిషి ఎక్కడమెందుకు?" అంటే, "మిసన్లు ఉంటే ఉండనీ. నానెక్కుతాను" అనేవాడు. ఆయన దగ్గర వాదన అంతకు మించి సాగదు.

నాకు ఉద్యోగం వచ్చాక షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ నా గురించి చెప్పేవాడు, "మా గుంట రాకెట్లలో లెక్కలు రాస్తాది. బోల్టు బిగించడం మాత్రం రాదు" అని. అది గర్వమో ఎగతాళో చాలా ఏళ్లు నాకు తెలియలేదు. మేస్త్రీ అనే మాట ఆయన ఊరికే ఎవరికీ వాడడు. మా తమ్ముడు ఆ షెడ్డులో పదేళ్లు చేతులు నల్లగా చేసుకున్నాక గానీ వాణ్ని అలా పిలవలేదు. నా మీద వేసిన ఆ బోల్టు మాట సెలవుల్లో ఇంటికి వెళ్లిన ప్రతిసారీ వినేదాన్ని. నవ్వేదాన్ని గానీ లోపల కొంచెం గుచ్చుకునేది.

"ఈ అంకె నీకెవరు చెప్పారు?"

నా మొదటి బాసు మూర్తిగారు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. చేరిన మొదటి నెలలో, ట్యాంకు వెల్డింగుకి ఎన్ని గంటలు పడుతుందో పాత ఫైల్లోంచి ఎత్తి రాశాను. ఆయన చూసి, "ఈ అంకె నీకెవరు చెప్పారు?" అన్నారు. ఫైల్లో ఉందండీ అన్నాను. "ఫైలు వెల్డింగు చేస్తుందా?" అని కాగితం నా చేతిలో పెట్టి షాపులోకి తరిమారు. అక్కడ వెల్డరు చెప్పిన గంటలు ఫైల్లో ఉన్నవాటికి రెట్టింపు. అతుకు వేశాక ఎక్స్‌రే తీయడం, మచ్చ కనిపిస్తే చెక్కేసి మళ్లీ వేయడం, ఇవి చేసేవాడికి తెలుసు, రాసేవాడు రాయలేదు. ఏ అంకె అయినా దాన్ని చేతులతో చేసే మనిషిని అడిగి రాయండి. నేను మీకు నేర్పగలిగిందంతా దాదాపు ఇంతే.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి వస్తాను. రాకెట్టులో ఇంధనం ఖర్చు చాలా తక్కువ భాగం. అసలు ఖర్చు బండిది. పాత పద్ధతిలో ఒకసారి పైకి పోయిన బండి సముద్రంలో పడిపోతుంది. సాలూరు నుంచి ఒక్క లోడు తీసుకెళ్లి దించి, లారీని లోయలోకి తోసేస్తే కిరాయి ఎంత అడగాలో ఊహించుకోండి. అందుకే దిగి వచ్చే రాకెట్లు కావాలి. ఇంక పెద్దవి ఎందుకంటే, చిన్న రాకెట్టుకైనా పెద్దదానికైనా ప్రయోగం రోజున కింద కంట్రోలు రూములో కూర్చునే మనుషులు ఇంచుమించు అంతేమంది. లోపలి కంప్యూటర్లూ అవే. బండి పెద్దదయ్యే కొద్దీ ఆ ఖర్చు ఎక్కువ కిలోల మీదకి పంచుకుపోతుంది.

ఇది నేర్చుకున్న ఉత్సాహంలో నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఒక పెద్ద రాకెట్టుకి లెక్క కట్టి, కిలో ధర చాలా తగ్గిందని మూర్తిగారి ముందు పెట్టాను. ఆయన మళ్లీ అదే మాట. "నిండుతుందని ఎవరు చెప్పారు?" నేను ప్రతిసారీ నిండా లోడుంటుందని అనుకుని కట్టాను. సగం ఖాళీగా పోతే పెద్ద బండే ఎక్కువ ఖర్చు. సాలూరులో పెద్ద లారీలు లోడు కోసం రోజుల తరబడి నిలబడి ఉండడం చిన్నప్పటి నుంచి చూసిన దాన్ని, నాకు ఆ మాత్రం తట్టలేదు. అంత లోడు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉపగ్రహాలు అన్ని లేవు. అందుకే పెద్ద రాకెట్లు కట్టేవాళ్లంతా చివరికి యాత్రికుల వైపు చూస్తారు. మనుషులైతే కోట్లమంది ఉన్నారు. కాకపోతే ఉపగ్రహాన్నైతే పంపితే చాలు, మనిషిని మాత్రం వెనక్కి తేవాలి.

నేను చేసిన తప్పు

సర్కారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఒక కొత్త ప్రైవేటు కంపెనీలో చేరాను. పేరెందుకు లెండి. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున, సరుగుడు తోటల వెనక వాళ్ల పరీక్షల షెడ్డు. దాన్ని పెట్టినవాడు కిరణ్ అనే కుర్రాడు, ముప్ఫై నాలుగేళ్లు. పైకి ఎగిరి మళ్లీ నిలువునా దిగే చిన్న బండి ఒకటి చేశాడు. అందులో మనుషులుండరు. అది పదేపదే ఎగిరి దిగితే, అదే పద్ధతిలో పెద్ద రాకెట్టు కట్టి యాత్రికుల్ని తీసుకెళ్లాలని అతని ఆశ. "పొలం అమ్ముకోకుండా ఒక టీచరు వెళ్లి రాగలగాలి మేడమ్" అనేవాడు. వాళ్లమ్మ టీచరు. మాటల కోసం చెప్పే మనిషి కాదు, నిజంగానే నమ్మాడు. నేనూ నమ్మాను. ఆ వయసులో నాకు మళ్లీ ఒక పని మీద అంత ప్రేమ పుట్టించినందుకు అతనికి రుణపడి ఉన్నాను.

ఆ టిక్కెట్టు ధర కట్టడం నా పని. లెక్కంతా ఒక్కచోట బిగుసుకుంది. బండి దిగాక మళ్లీ ఎగరడానికి ముందు తనిఖీ చేయాలి. అన్నాళ్లూ అది షెడ్డులో ఊరికే నిలబడి ఉంటుంది, ఆ ఖర్చు టిక్కెట్టు మీద పడుతుంది. తనిఖీ షెడ్డు నుంచి వచ్చిన కాగితంలో పన్నెండు రోజులని ఉంది. పన్నెండు వేస్తే ధర టీచరుకి కాదు గదా, ఊళ్లో మోతుబరికి కూడా అందదు. నాలుగు వేస్తే అందుతుంది. అప్పటికి ఆ చిన్న బండి ఐదుసార్లు ఎగిరి దిగింది, తనిఖీలో లోపమేదీ దొరకలేదు. దొరకనప్పుడు అన్ని రోజులెందుకని నాకు నేనే చెప్పుకొని నాలుగు అని రాసేశాను.

ఎవర్నీ అడగలేదు. మూర్తిగారి శిష్యురాలిని, షెడ్డు నా గదికి రెండు వందల అడుగుల దూరం, అయినా వెళ్లి అడగలేదు. అడిగితే కాదంటారని లోపల తెలుసు. నా వృత్తి జీవితంలో ఇంతకంటే పెద్ద తప్పు చేయలేదు. కాగితం చూసి కిరణ్ నా చేతులు పట్టుకున్నాడు. పెట్టుబడి పెట్టే పెద్దమనుషులకి నెలాఖర్లో చూపించాలన్నాడు. వాళ్లు సరేనంటే, అందులో రాసిన నాలుగు రోజులే కంపెనీ నియమం అయిపోతుంది. ఆ నియమం మీదే రేపు మనుషులు ఎక్కుతారు.

టీ కొట్టు దగ్గర విన్నది

ఆ వారం సాలూరు వెళ్లాను. నాన్నకి అప్పటికే ఎనభై దాటాయి. పని తమ్ముడు చూస్తాడు, ఆయన షెడ్డు ముందు కుర్చీ వేసుకొని వచ్చేపోయే బండ్లకి వంకలు పెడుతుంటాడు. ఆయనకి గొప్పగా చెప్పాను, మామూలు మనుషులు అంతరిక్షానికి వెళ్లేలా ధర తెచ్చానని. అంతా శ్రద్ధగా విన్నాడు.

"దిగొచ్చిన బండిని నాలుగు రోజులు సూస్తారన్నమాట" అన్నాడు.

"అవును నాన్నా."

"సూసినోడు ఎక్కుతాడేటి?"

నవ్వాను. "రాకెట్టు మన లారీ కాదు నాన్నా. అందులో మేస్త్రీలు ఎక్కరు."

"మరి ఆ నాలుగు రోజులు సాలతాయని ఎవులు సెప్పినారే?"

మూర్తిగారు పోయి పదేళ్లయింది. ఆయన ప్రశ్నే నాన్న నోట్లోంచి వచ్చింది. నేనే రాశానని మెల్లగా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తనకి జరిగింది ఒకటి చెప్పాడు. అది నేనెప్పుడూ వినలేదు.

"ఓసారి ఓనరు తొందర పెడితే ఒక్క పూటలో పని ముగించేసినాను. మిసను మీద బాగానే పట్టినాది. ఘాటీ పైకెల్లి టీ కోసం ఆపినాం. ఇంజను ఆగినాక, అందరూ దిగిపోనారు, నాను కేబిన్లోనే కూకున్నాను. ఎక్కడో సన్నగా సుయ్‌మని ఇనబడ్డాది. గాలి పైపు మూతికాడ లీకు. షెడ్డులో సుత్తి దెబ్బల్లో అది ఎవుడికి ఇనబడతాది? అక్కడే కట్టి దించుకొచ్చినాను. ఎక్కబట్టి ఇన్నాను. నేకపోతే డ్రైవరు పోయేవోడు, ఆడి పిల్లలు నా గుమ్మం ముందుకొచ్చి కూకునేవోరు."

మళ్లీ తనే అన్నాడు, "ఎక్కుతాను అని తెలిస్తే సెయ్యి దానికదే నెమ్మదిస్తాది అమ్మీ. ఏది సూడాలో, ఏది అక్కర్నేదో దానికే తెలుస్తాది."

చిన్నప్పటి నుంచి నేను మొరటు పద్ధతి అనుకున్నది అది. ఆయన అన్నేళ్లు ఎందుకు ఎక్కి దిగాడో నాకు అరవై దాటాక అర్థమైంది. సిగ్గేసింది. ఆ సిగ్గుకి కూడా ఇవాళ కృతజ్ఞురాలినే.

ఎన్నో రోజుకి ఎక్కుతావు

తిరిగొచ్చి తిన్నగా తనిఖీ షెడ్డుకి వెళ్లాను. అక్కడి పనికి పెద్ద సింహాచలం. ఆమదాలవలస దగ్గర వరి పండించే కుటుంబం, డిప్లొమా చదివి వచ్చాడు. ఎక్కువ మాట్లాడడు. కాగితంలో నాలుగు రోజులు వేశానని ఒప్పుకున్నాను. అతని మొహం మాడిపోయింది. "నేను పన్నెండు రాశాను కదా మేడమ్" అన్నాడు.

"పన్నెండూ వద్దు, నాలుగూ వద్దు. దిగిన బండిలో మళ్లీ ఎగిరేటప్పుడు నువ్వే కూర్చోవాలనుకో. ఎన్నో రోజుకి ఎక్కుతావు? ఏమేం చూసి ఎక్కుతావు?" అన్నాను.

చేతిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. తర్వాత చెప్పిన మాటలకి నా ముప్ఫై ఏళ్ల లెక్కలు తిరగబడ్డాయి.

"ఏడో రోజుకి ఎక్కుతాను మేడమ్. పన్నెండులో సగం, పెద్దోళ్లు అడిగితే సూపించడానికి పెట్టినవే. ఒకే అతుకుని ముగ్గురం మూడు ఫారాల కోసం మూడుసార్లు సూస్తాం. అవి తీసేయండి. కానీ ఇంజను పక్కనున్న వాల్వు పెట్టె విప్పి సూడనివ్వాలి. అది విప్పకుండా అయితే నెల రోజులిచ్చినా నేనెక్కను."

ఆ పెట్టె విప్పడం పన్నెండు రోజుల జాబితాలో లేనే లేదు. నలభై బోల్టులు తీయాలి, తిరిగి బిగించాలి, శ్రమ ఎక్కువని మొదట్లోనే ఎవరో కొట్టేశారట. రెండుసార్లు అడిగి మానుకున్నాడట. తనిఖీ చేసేవాడు భయం కొద్దీ రోజులు పెంచుతాడు, లెక్క రాసేదాన్ని ఆశ కొద్దీ నేను తగ్గిస్తాను. ఇద్దరి కాగితాల్లోనూ అసలు చూడాల్సింది లేదు. ఎక్కాల్సి వస్తుందనుకున్నాకే అది బయటపడింది.

కిరణ్‌కి ఇదంతా చెప్పాను. అతను చాలా బాధపడ్డాడు, కోపం కూడా వచ్చింది. "ఏడు రోజులంటే ఆ ధర రాదు మేడమ్. ఆ ధర లేకపోతే వాళ్లు డబ్బు పెట్టరు. ఎనభైమంది పనిచేస్తున్నారిక్కడ. నాలుగు అని మీరే కదా రాశారు?"

"నేనే రాశాను. తప్పు రాశాను. అది దిద్దకుండా నా సంతకంతో బయటికి పోదు" అన్నాను. "ఒక్క పని చెయ్యి. ఆరోసారి దిగాక ఆ పెట్టె విప్పించు. ఏమీ లేకపోతే నన్ను తీసేసి నీకు కావాల్సిన అంకె వేసుకో."

మొహం తిప్పుకొని సరే అన్నాడు. ఆ ఎనభైమందిలో చాలామంది నా కళ్ల ముందు తిరిగే పిల్లలే. ఆరో ప్రయాణానికి ఇంకా పదిరోజులున్నాయి. పెట్టెలో ఏమీ ఉండకూడదని ఒక పక్క, ఉండాలని ఇంకో పక్క, ఏమని ప్రార్థించాలో తెలియక ఆదివారం చర్చిలో ఊరికే కూర్చున్నాను.

బండి ఆరోసారి దిగింది, చక్కగా దిగింది. సింహాచలం నలభై బోల్టులూ ఊడదీశాడు. లోపల ఒక సన్నని పైపుని పట్టి ఉంచే బిళ్ల వెంట్రుకంత పగిలి ఉంది. ఆ బిళ్ల కదిలి పైపు ఒకవైపు అరిగిపోయింది. ఇంకో రెండు మూడు ప్రయాణాలు ఆగేదేమో, ఆగేది కాదేమో. కిరణ్ దాన్ని వేలితో తడిమి చూసి అక్కడే నేల మీద కూర్చున్నాడు. సింహాచలం అతనికి మంచినీళ్లిచ్చాడు.

నెలాఖరు సమావేశంలో ఏడు రోజుల లెక్కే పెట్టాం. పెద్ద రాకెట్టు ముందు సరుకు మోస్తుంది, మనుషుల మాట ఆ తర్వాత, టిక్కెట్టు ఇప్పట్లో టీచరుకి అందదు అని ఉన్నదున్నట్టు రాశాను. పెట్టుబడి పెట్టేవాళ్లలో ఒకాయన అక్కడికక్కడే తప్పుకున్నాడు. పదిహేనుమంది పిల్లలు ఆ ఏడాది వేరే ఉద్యోగాలు వెతుక్కోవలసి వచ్చింది. అది నా మీదుంది. మొదటే షెడ్డుకి నడిచి అడిగి ఉంటే అంత ఆశ పెట్టేదాన్నీ కాదు, అంత నష్టమూ జరిగేది కాదు. మిగిలినవాళ్లు నిలబడ్డారు. ఆ చిన్న బండి ఇప్పటికీ ఎగురుతోంది, దిగుతోంది.

జాబితా

నేను ఆ కంపెనీలో పని మానేసే రోజున కిరణ్ ఒక కాగితం చేతిలో పెట్టాడు. కంపెనీ కొత్త నియమమట. పెద్ద రాకెట్టులో మనుషుల్ని పంపే రోజు వస్తే, తనిఖీ మీద, రోజుల లెక్క మీద సంతకం పెట్టినవాళ్లే మొదటి ప్రయాణంలో ఎక్కాలి. కింద మూడు పేర్లు. సింహాచలం, కిరణ్, ప్రేమలత. "మీకు ఇష్టం లేకపోతే కొట్టేస్తాను మేడమ్" అన్నాడు. వద్దన్నాను. అప్పటికి నా మోకాళ్లు ఎలా ఉంటాయో గానీ, పేరు మాత్రం ఉండనీ అన్నాను.

వెనక వరసలో కూర్చున్న అమ్మా, మీ అమ్మ టిక్కెట్టు ఎంతవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. తగ్గుతుంది, తప్పకుండా తగ్గుతుంది. బండ్లు దిగి వస్తున్నాయి, పెద్దవవుతున్నాయి. ఎవరైనా చవక టిక్కెట్టు అమ్మజూపితే ధర తర్వాత అడుగు. బండిని తనిఖీ చేసినవాడు మీ అమ్మ పక్క సీట్లో కూర్చుంటాడా అని ముందు అడుగు. నువ్వే ఈ ఉద్యోగంలోకి వస్తే, నీ పేరు ఆ సీటు మీద రాసుకొని అప్పుడు అంకె వెయ్యి.

ఆ కాగితం పట్టుకొని సాలూరు వెళ్లాను. నాన్నకి చూపు తగ్గింది, చదివి వినిపించమన్నాడు. మూడు పేర్లూ చదివాను. నా పేరు దగ్గర ఆపి ఇంకోసారి చదవమన్నాడు, చదివాను.

"అంటే నువ్వూ ఎక్కుతావన్నమాట."

"ఎక్కుతాను నాన్నా."

కాగితం తీసుకొని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత షెడ్డు వైపు తిరిగి, లోపల లారీ కింద పడుకొని పనిచేస్తున్న మా తమ్ముడికి వినబడేలా కేకేశాడు.

"ఒరే, టీ సెప్పరా. మేస్త్రీ వచ్చినాది."